రాళ్ల చేనులో చెరకు ఏపుగా, రాయి లేని చేనులో మచ్చలతో – ఎందుకు?

ప్రశ్న: తాతల కాలం నుంచి మారిషస్‌లో ఉంటున్న తెలుగు కుటుంబం మాది. రోజ్ బెల్ ఎగువన రెండు చోట్ల చెరకు వేస్తున్నాం. ఒక చేను నిండా రాళ్లే. రెండోది లోతైన ఎర్ర నేల, గడ్డపార దించినా రాయి తగలదు. వర్షం, ఎరువులు రెండింటికీ ఒకటే. అయినా రాళ్ల చేనే బాగా పండుతోంది. ఎర్ర చేనులో ముదురు ఆకుల మీద సన్నని తెల్ల మచ్చలు వచ్చి గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. తుప్పు తెగులనుకుని మందు కొట్టినా తగ్గలేదు. పడమర బ్లాక్ రివర్ వైపు నల్ల నేల కౌలుకు వస్తోంది, తీసుకోవచ్చా?

జవాబు: మందు ఆపేయండి. తుప్పు తెగులైతే ఆకు అడుగున పొక్కులుంటాయి, వేలితో రుద్దితే నారింజ లేదా గోధుమ రంగు పొడి అంటుతుంది. మీరు చెప్పినట్టు ముదురు ఆకుల మీద, అందులోనూ ఎండ తగిలే వైపు ఎక్కువగా మచ్చలుండి, పొడి రాకపోతే అది సిలికాన్ లోపమై ఉండే అవకాశం ఎక్కువ. మీ నేల వయసు, మీ దగ్గర కురిసే వాన కూడా అదే చెబుతున్నాయి.

మారిషస్ మొత్తం లావా మీద ఏర్పడిన దీవే అయినా ఆ లావా అంతా ఒకే కాలంలో రాలేదు. పాత పొరల వయసు 50 లక్షల ఏళ్లకు పైమాటే. చివరి విడత పొరల్లో కొన్ని పదుల వేల ఏళ్ల నాటివి మాత్రమే. తాజా బసాల్టులో (లావా గట్టిపడిన నల్లరాయిలో) సగానికి దగ్గరగా సిలికా (పైరుకు సిలికాన్ ఇచ్చే ఖనిజ పదార్థం), పదో వంతు వరకు సున్నం, తగినంత మెగ్నీషియం ఉంటాయి. వాననీరు ముందు సున్నం, మెగ్నీషియం వంటి క్షారాలను, తర్వాత సిలికాను కరిగించి పట్టుకుపోతుంది. కదలకుండా మిగిలేవి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు. మీ ఎర్ర చేను ఆ దశకు చేరింది. రాళ్ల చేనులో రాయి ఇంకా అరుగుతూ పైరుకు మేత వేస్తూనే ఉంది.

సుత్తితో రెండు చేలలోనూ ఒక్కో రాయి పగలగొట్టి చూడండి. కుర్ర లావా రాయి లోపల నీలి బూడిద రంగులో గట్టిగా ఉంటుంది, చుట్టూ పసుపు గోధుమ తొక్క పల్చగా ఉంటుంది. ఎర్ర చేనులో లోతుగా తవ్వితే దొరికే రాయి గోటితో గీసినా చెక్కు లేస్తుంది. అక్కడి మట్టిని తడిపి పిసికి చూడండి. బంకమట్టి శాతం ఎక్కువే అయినా సాగదు, పొడిపొడిగా విడిపోతుంది. ఆక్సైడ్లు రేణువులను గుత్తులుగా కట్టి ఉంచడమే కారణం. అందుకే ఎంత వాన పడినా నీరు నిలవదు, వేసిన పోషకమూ నిలవదు.

వయసు ఒక్కటే లెక్క కాదు. హవాయిలోని కొహాలా కొండ మీద దాదాపు లక్షన్నర ఏళ్ల లావా మీదే, ఏడాదికి సుమారు 1400 మి.మీ. లోపు వాన పడేచోట క్షారాలు నిలిచాయి, అది దాటిన చోట ఒక్కసారిగా పడిపోయాయి. మీ ఎగువ ప్రాంతం ఆ గీత ఎప్పుడో దాటింది. ఆదిలాబాద్ నల్లరేగడికి ఆధారమైన దక్కన్ లావా 6.6 కోట్ల ఏళ్లదైనా అక్కడ సున్నం మిగిలింది. వాన తక్కువ కావడం, పైపొర కోతకు గురై కొత్త రాయి బయటపడుతూ ఉండడం అందుకు కారణాలు. జహీరాబాద్, వికారాబాద్ వైపు అదే లావా మీది ఎర్ర లాటరైట్ (జేగురు నేల) మాత్రం మీ ఎర్ర చేనుకు దగ్గరి చుట్టమే.

ఇక చేయాల్సింది. ముందు పరీక్ష చేయించండి. ఎరువు పడిన చాలును వదిలి 15–20 చోట్ల 20 సెం.మీ. లోతు మట్టి తీసి కలపండి. ఉదజని సూచిక (pH), కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, భాస్వరంతో పాటు సిలికాన్ కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి, అడగకపోతే మామూలుగా చూడరు. 30 మొక్కల నుంచి పూర్తిగా విచ్చుకున్న పై ఆకు తీసి, ఈనె తొలగించి, మధ్య భాగాన్ని పంపండి. సిలికాన్ 0.7 శాతం కంటే తక్కువుంటే లోపమే.

లోపం తేలితే కార్శి తోటలో (కోసిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే చెరకులో) ఏమీ చేయకండి, తిరిగి నాటే ఏడాది దాకా ఆగండి. అప్పుడు కాల్షియం సిలికేట్ హెక్టారుకు 6–7 టన్నులు, అంటే ఆర్పెంటుకు (మీ దగ్గరి కొలత, దాదాపు ఎకరం) 2.5–3 టన్నులు, చల్లి 20 సెం.మీ. లోతుకు కలియదున్నండి. పిండిలా మెత్తగా ఉన్నదే కొనండి, గరుకుది ఏళ్ల తరబడి కరగదు. ఉక్కు కర్మాగారం స్లాగ్ (లోహం తీశాక మిగిలే చిట్టెం) అయితే భార లోహాల పరీక్ష పత్రం లేకుండా తీసుకోవద్దు. పగడపు సున్నం ఆమ్లతను తగ్గిస్తుందే గానీ సిలికాన్ ఇవ్వదు. దాన్ని అతిగా వేస్తే జింకు, మాంగనీసు అందవు. బసాల్టు రాతిపొడితో గత శతాబ్దంలో మారిషస్‌లోనే ప్రయోగాలు జరిగాయి, చెరకు దిగుబడి పెరిగింది. కానీ హెక్టారుకు పదులు, వందల టన్నులు కావాలి. క్వారీ పక్కనే ఉంటే తప్ప రవాణా ఖర్చు గిట్టదు.

భాస్వరం మాత్రం చల్లకండి. ఈ ఆక్సైడ్లు దాన్ని వెంటనే పట్టేసుకుంటాయి. ముచ్చెల (నాటే చెరకు ముక్కల) కింద చాలులోనే వేయండి, వీలైతే చక్కెర ఫ్యాక్టరీలో రసం వడకట్టగా మిగిలే ఫిల్టర్ మడ్డితో కలిపి. నత్రజని, పొటాష్ విడతలుగా ఇవ్వండి. రాళ్ల చేనులో యంత్రానికి అడ్డొచ్చే పెద్ద రాళ్లు తీస్తే చాలు, చిన్నవి ఉండనివ్వండి.

బ్లాక్ రివర్ నల్ల నేల వాన తక్కువగా పడేచోట ఏర్పడింది. సిలికా, మెగ్నీషియం దండిగా ఉంటాయి కాబట్టి మచ్చల బెడద ఉండదు. కానీ ఎండితే బీటలు వారి వేళ్లు తెగుతాయి, తడిస్తే నీరు దిగదు. నికరమైన సాగునీరు, మురుగు కాలువ రెండూ ఉంటేనే కౌలుకు తీసుకోండి. మెగ్నీషియం ఎక్కువైన చోట పొటాష్ సరిగా అందదు కాబట్టి ఒప్పందానికి ముందే ఆ రెండింటి నిష్పత్తి పరీక్షలో చూసుకోండి.