పరుగు మీద పుస్తకం కావాలా? చెడిన పరుగు ఉన్న పేజీ ముందు చదవండి

పరుగు మొదలుపెట్టాలని ఉంది, ఊపునిచ్చే పుస్తకం చెప్పండి, అయితే ఏ పుస్తకమూ ఇరవై పేజీలు దాటలేకపోతున్నాను అని అడిగారు. బెంగళూరులోనే ఉంటున్నారు కాబట్టి పుస్తకం దొరకడం కష్టం కాదు. ఎంచుకోవడంలోనే ఉంది అసలు పని.

గెలుపు కథలు కొనకండి. పతకాల గురించి చదివితే రాత్రి ఒళ్ళు పులకరిస్తుంది, తెల్లవారుజామున అలారం మోగేసరికి అందులో ఏమీ మిగలదు. పరుగు చెడిన రోజు గురించి రచయిత ఎలా రాశాడో షాపులోనే నిలబడి రెండు పేజీలు చదవండి. అక్కడ నిజం చెప్పినవాడు మిగతా పుస్తకమంతా చదివిస్తాడు.

నా ఓటు జపాన్ నవలా రచయిత హారుకి మురకామి తన పరుగు గురించి రాసిన 'వాట్ ఐ టాక్ అబౌట్ వెన్ ఐ టాక్ అబౌట్ రన్నింగ్'కి. జపనీస్‌లో 2007లో, ఇంగ్లీషులో 2008లో వచ్చింది. రెండువందల పేజీల లోపే. మొదటి నుంచి చదవక్కర్లేదు, నేరుగా ఆరో అధ్యాయం తెరవండి. 1996 జూన్‌లో హొక్కైదోలోని సరోమా సరస్సు దగ్గర 100 కిలోమీటర్ల పరుగు. 55వ కిలోమీటరు దగ్గర ఆగి, పాదాలు వాచిపోవడంతో అర సైజు పెద్ద షూస్ వేసుకుంటాడు. అక్కడి నుంచి 75 దాకా నరకం. కాళ్ళు మాట వినవు, అయినా నడవనని పట్టు. నేను మనిషిని కాదు, యంత్రాన్ని అని తనకు తాను చెప్పుకుంటూ పోతాడు. 11 గంటల 42 నిమిషాలకు పూర్తిచేస్తాడు. ఆ తర్వాత చాలాకాలం పరుగంటేనే ఆసక్తి పోయిందని కూడా దాచకుండా రాశాడు. అందుకే ఈ పుస్తకాన్ని నమ్ముతాను.

పాదాల వాపు కొత్తవాళ్ళకూ ఉంటుంది. షూస్ సాయంత్రం పూట, పరుగుకి వాడే సాక్స్ వేసుకునే కొనండి. కాలి పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే గోళ్ళు నల్లబడతాయి.

మెత్త షూస్ అక్కర్లేదని వాదించే క్రిస్టఫర్ మెక్‌డూగల్ పుస్తకం 'బార్న్ టు రన్' (2009) చదివించడంలో గట్టిది. కానీ అది చదివిన ఊపులో మెత్త షూస్ పక్కన పడేసి, పల్చటి అట్ట (సోల్) ఉన్న షూస్‌తో ఒక్కసారే కిలోమీటర్లు పరిగెత్తినవాళ్ళకి పిక్కలు పట్టేస్తాయి, మడమ వెనక స్నాయువు (టెండన్) నొప్పి పెడుతుంది, పాదం ఎముకల్లో సన్న పగుళ్ళూ రావచ్చు. కథను కథగా చదవండి. షూస్ మార్చాలంటే నెలల మీద, కొద్దికొద్దిగా.

వారానికి మూడు రోజులు పరుగు: ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే. మిగతా నాలుగు రోజులూ పదిహేనేసి పేజీలు, ఫోను వేరే గదిలో పెట్టి. ఈ లెక్కన మూడు వారాలకు మురకామి పుస్తకం అయిపోతుంది. ఒకే రోజు యాభై పేజీలు లాగేస్తే మర్నాడు ముట్టుకోబుద్ధి కాదు, పరుగుకీ ఇదే వర్తిస్తుంది.

ఎం.జి. రోడ్ మెట్రోలో దిగి చర్చ్ స్ట్రీట్‌కి నడవండి. బ్లాసమ్, బుక్‌వార్మ్ పుస్తకాల షాపులు రెండూ అక్కడే, పాత కాపీలూ అమ్ముతారు. క్రీడల అరలో లేకపోతే మురకామి నవలల పక్కన చూడండి. ఫుట్‌పాత్ మీది నకిలీ కాపీలు మాత్రం వద్దు: అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి, మధ్యలో పేజీలు ఎగిరిపోతాయి. పాత కాపీ కొంటే ఆరో అధ్యాయం పేజీలన్నీ వరసగా ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూసుకోండి.