పాఠకుల ప్రశ్నలు: రమ్మీలో ఏ చెయ్యి ఆడాలి, ఏది వదలాలి?

ప్రశ్న: ఆరుగురం 101 పూల్ (ఓటమి పాయింట్లు 101కి చేరినవారు ఔటయ్యే రమ్మీ) ఆడుతున్నాం. జోకర్‌గా ఆటీను 7 తిరిగింది, అంటే 7లన్నీ జోకర్లే. నాకు పడినవి: ఇస్పేటు రాజు, 9, 4, ఆటీను రాణి, 10, 6, కళావరు ఆసు, 8, 3, డైమండ్ జాకీ, 3, ఇవి కాక డైమండ్ 7, ఒక బొమ్మ జోకర్. రెండు జోకర్లున్నాయి కదా అని ఆడాను. నాలుగో రౌండులోనే ఎదుటాయన షో చేశారు (ముక్కలన్నీ కట్టి ఆట ముగించారు), నాకు 80 పడింది. ఆడటం తప్పా? (భీమవరం)

జవాబు: తప్పేనండీ. జోకర్ కలవని సీక్వెన్స్ (ఒకే గుర్తులో వరసగా కనీసం మూడు ముక్కలు), అంటే లైఫ్, పడేదాకా జోకర్లు చేతిలో ఉన్నా లేనట్టే. మీకు లైఫ్ పడే దారులు రెండే: ఆటీను 10, రాణి మధ్యకి జాకీ, కళావరు ఆసు, 3 మధ్యకి 2. రెండు పేకలు కాబట్టి ఒక్కొక్కటి రెండేసి, మొత్తం నాలుగు ముక్కలు. మీకు కనబడని 91 ముక్కల్లో ఎక్కడో ఆ నాలుగు ఉన్నాయి. బొమ్మ జోకర్లు రెండూ కలిపి 106 ముక్కల్లో ఆరుగురికి 78 పంచి, జోకర్, ఓపెన్ ముక్క తీశాక కట్టలో మిగిలేవి 26. అందరూ కట్టలోంచే తీస్తే మనిషికి నాలుగు వంతులు వస్తాయి. ఆ నాలుగు వంతుల్లో మీకు కావలసిన ముక్క తగిలేది ఆరు ఆటల్లో ఒక్కసారి. ఎదుటివాళ్ళు పారేసేది కలిస్తే కాస్త పెరుగుతుంది, అంతే. చేతిలో లెక్క చూస్తే 83 (80 దగ్గర ఆగుతుంది). మొదటి డ్రాప్ (ముక్క తీయకముందే చెయ్యి వదిలేయడం) 20. ఇలాంటి చేతులు నాలుగు వదిలేసినా పోయేది ఆ ఒక్క ఓటమికి పోయినంతే.

ఇస్పేటు 4-5, కళావరు 9-10, డైమండ్ జాకీ-రాణి పడ్డాయనుకోండి, ఒక్క జోకర్ లేకపోయినా మేమైతే ఆడతాం. పక్కపక్క ముక్కల జంటకి అటూ ఇటూ కలిపి నాలుగు ముక్కలు పనికొస్తాయి. మూడు జంటలకి 12. నాలుగు వంతుల్లో ఒక్కటైనా తగిలే అవకాశం నూటికి 44.

జంట లెక్కలో జోకర్‌ని మాత్రం మరిచిపోకండి. మీ ఆటలో ఆటీను 8-9 ఉంటే 7 లేదా 10 రావాలి. ఒక 7 జోకర్‌గా తిరిగి బల్ల మీదే ఉంది. రెండోది ఎవరికి పడినా జోకరే కాబట్టి పారేయరు. కట్టలోంచి మీకే రావాలి.

ప్రశ్న: ఒక్క ముక్క తీసి చూసి, బాగాలేకపోతే డ్రాప్ చేస్తే పోదా? (ఖమ్మం)

జవాబు: ముక్క తీసిన క్షణంలో 20 కాస్తా 40 అవుతుంది. ఆ చూపు ఖరీదు 20 పాయింట్లు. ఒక్క ముక్కతో చెయ్యి మారదు కూడా: పైన చెప్పిన మూడు జంటల చేతికైనా తొలి ముక్కతోనే లైఫ్ పడేది ఏడెనిమిది సార్లకు ఒకసారి. ముక్కలు సర్దుకున్నాకే, తీయకముందే తేల్చుకోండి. 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అంది. (ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఆడటం తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. మేం చెప్పేవి పాయింట్ల లెక్కలు మాత్రమే.)

ప్రశ్న: 101 పూల్‌లో స్కోరు 80 దాటాక చెత్త చెయ్యి పడితే? (నెల్లూరు)

జవాబు: సరిగ్గా 80 మీద డ్రాప్ చేస్తే 100, ఇంకా ఆటలో ఉంటారు. 81 మీద చేస్తే 101, ఔట్. 81 నుంచీ ఏం పడినా ఆడాల్సిందే, కాబట్టి షో కోసం చూడకండి. ముందు లైఫ్, తర్వాత రెండో సీక్వెన్స్ కట్టండి. ఆ రెండూ లేకపోతే మిగతా ముక్కలన్నీ లెక్కకొస్తాయి. రెండు సీక్వెన్సులకీ అక్కరలేని రాజు, రాణి, జాకీ, ఆసుల్ని తొలి వంతుల్లోనే పారేయండి. 81 మీద ఉన్నవారు ఓడినా, చేతిలో 19కి మించకపోతే 100 దగ్గర నిలబడతారు.