బస్సు మీది బొమ్మ: మేనకోడలికి ఒక ఉత్తరం

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. శ్రీకాకుళం చిత్రకారుల బొమ్మలను ఆర్టీసీ బస్సుల మీదికి ఎక్కించాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. నచ్చనిది ఒక్క వాక్యమే. "బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి, అతికించడమే తరువాయి" అని రాశావు. కుంచెతో బోర్డులు రాసిన కాలం నుంచి ముద్రణ యంత్రాల కాలం దాకా ఈ పనిలోనే బతికాను కాబట్టి చెబుతున్నాను. సిద్ధంగా ఉన్న బొమ్మ బస్సుకు పనికిరాదు. బస్సును చూసి, కొలిచి, అది తిరిగే దారి తెలుసుకుని అప్పుడు గీయించాలి. నీ దగ్గర పోగైనవాటిని చిత్రకారులను ఎంచుకోవడానికి మాత్రం వాడుకో.

టేపు, కాగితం పట్టుకుని డిపోకు వెళ్లి బస్సు పక్కన నిలబడు. మామూలు బస్సు పొడవు సుమారు 36 అడుగులు. అద్దాల కింద నీకు దొరికే ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. అంటే ఎత్తుకు పన్నెండు రెట్ల పొడవు. అలాంటి కొలతలో ఎవరూ ఊరికే బొమ్మ గీయరు. అందుకే ఉన్న బొమ్మను తెచ్చి పెడితే సాగదీయాలి, లేదంటే తల, కాళ్లు కోసేయాలి. పోనీ ఆ మూడడుగులైనా నున్నటి పలకా అంటే అదీ కాదు. చక్రాల గూళ్లు, డీజిల్ ట్యాంకు మూత, బ్యాటరీ పెట్టె తలుపు, వరుసగా రివెట్లు, ఎడమవైపు ఎక్కే తలుపు, కుడివైపో వెనకో అత్యవసర ద్వారం ఉంటాయి. రెండు పక్కలకూ వేరువేరుగా పటం గీసి, ఇవన్నీ గుర్తుపెట్టి, ప్రతి చిత్రకారుడికీ ఒక నకలు ఇవ్వు. మనిషి ముఖం తలుపు అంచున పడిందంటే, కండక్టరు తలుపు తీసిన ప్రతిసారీ అది రెండు ముక్కలవుతుంది.

ఇక చూసేవాళ్ల సంగతి. ఎడమవైపును బస్టాండులో ఎక్కడానికి నిలబడ్డవాళ్లు దగ్గరగా, తీరిగ్గా చూస్తారు. సన్నని పనితనం ఉంటే అక్కడ ఉండాలి. కుడివైపు ఎదురొచ్చే బండ్లవాళ్లకు రెండు మూడు క్షణాలు కనిపిస్తుంది. అక్కడ పెద్ద ఆకారాలు, తక్కువ రంగులు. అన్నిటికంటే ఎక్కువసేపు కనిపించేది వెనక భాగం. దాటడానికి దారి దొరకని బైకువాడికి ఊరు అయిపోయే దాకా అదే ప్రదర్శన. డబ్బు చాలకపోతే పక్కలు వదిలేసి వెనక భాగం ఒక్కటే చేయించు. నాసిరకంగా బస్సంతా కప్పడం కంటే అది ఎంతో మేలు.

దారి విషయంలో నా ఓటు ఆమదాలవలసకు. శ్రీకాకుళం పట్టణంలో రైల్వే స్టేషను లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. రైలు దిగినవాళ్లు ఊళ్లోకి చేరాలంటే ఆ దారినే రావాలి. సవర గిరిజన చిత్రకారులతో చేయించే బస్సును మాత్రం పాలకొండ, సీతంపేట దారిలో తిప్పమని అడుగు. గీసినవాళ్ల సొంత మనుషులు దాన్ని చూడాలి. అయితే ఆ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది కాబట్టి అక్కడి అధికారులను వేరుగా కలవాలి. ఇంకొక మాట. డిపోలో బస్సులను అవసరాన్నిబట్టి దారులు మారుస్తుంటారు. "ఈ బస్సు ఈ దారిలోనే" అన్న మాట ముందే కాగితం మీద తీసుకో.

ఏమి గీయించాలన్నది చిత్రకారుల ఇష్టం. కానీ ఆ పొడవాటి పట్టీకి సహజంగా అమరేవి మన దగ్గర చాలా ఉన్నాయి. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణ ఉంది. 36 అడుగుల వీణ రోడ్డు మీద వెళుతుంటే ఎవరు తల తిప్పరు? గుండెల మీద తప్పెట కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్ల బృందం ఉంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే పని ఉంది. తేలినీలాపురానికి వచ్చే పక్షుల వరుస ఉంది. బుడితి ఇత్తడి బిందెను ఫోటో తీసి అతికిద్దామని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకు. అది దుకాణం ప్రకటన అవుతుంది. చిత్రకారుడు చూసి గీసిన బిందె కావాలి.

దేవుళ్ల బొమ్మలు వద్దు. పైడితల్లి అమ్మవారినీ, అరసవల్లి సూర్యనారాయణ స్వామినీ వేయాలని నీవాళ్లలో సగం మంది అడుగుతారు. బస్సు పక్క భాగం మీద ఏమేమి పడతాయో నీకు తెలుసు. చక్రాలు చిమ్మే బురద, కిటికీలోంచి ఉమ్మిన పాన్, ఘాట్ రోడ్డులో పసిపిల్లల వాంతులు. మొక్కే రూపాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టకూడదు. సిరిమాను సంబరంలో జనాన్ని గీయించు, అమ్మవారిని గుళ్లోనే ఉండనివ్వు. సవర చిత్రాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అవి ఇంటి గోడ మీద పూజ కోసం, పెద్దల కోసం వేసుకునేవి. గడి లోపల మనుషులు, చెట్లు, జంతువులు చూసి అలంకారం అనుకుంటాం. ఏవి బయట చూపవచ్చో, ఏవి కూడదో ఆ ఊరి పెద్దలనే అడుగు. కూడదంటే వాదించకు.

కొలత లెక్క ఒకటి చెబుతాను, దీన్ని నీ చిత్రకారులకు తప్పక వివరించు. ఎ3 కాగితం మీది బొమ్మను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసినా, 36 అడుగులకు పెంచితే మిగిలేది 23 డీపీఐ. దగ్గరికి వెళితే అంతా చుక్కలే. బస్సుకు 100 ఉండాలి. అందుకని ఆరడుగుల పొడవు, అరడుగు ఎత్తున్న పట్టీ మీద గీయమని చెప్పు. దాన్ని ముక్కలుగా 600లో స్కాన్ చేసి కలిపి ఆరు రెట్లు పెంచితే సరిగ్గా 100 వస్తుంది. ఆరు రెట్లు అన్న మాట వాళ్ల మనసులో నాటుకోవాలి. అర మిల్లీమీటరు గీత బస్సు మీద మూడు మిల్లీమీటర్లే అవుతుంది, రోడ్డు అవతలికి అసలు కనిపించదు. ముఖ్యమైన గీత కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. కింది అంచున లేత రంగులు వేయవద్దు, తొలకరి నాటికే మట్టిరంగు అవుతాయి.

అద్దాల జోలికి పోకు. వినైల్ అంటే బొమ్మను ముద్రించి బస్సుకు అంటించే పలుచని ప్లాస్టిక్ పొర. లోపలి నుంచి బయటికి కనిపించే చిల్లుల వినైల్ ఉంది కదా అని ముద్రణవాళ్లు ఊరిస్తారు. వాహనాల అద్దాలకు ఫిల్ములు అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అదీ కాక, మన ఎండకు, ఉక్కకు కిటికీ తెరిచి కూర్చునే బస్సులు ఇవి. నంబరు, డిపో పేరు, మెరిసే టేపులు, దీపాలు, అత్యవసర ద్వారం మీది అక్షరాలు, వేటినీ కప్పకూడదు. బస్సు అసలు రంగు కూడా కొంత కనబడాలి. చదువురాని ముసలమ్మ రంగు చూసే పల్లె వెలుగును గుర్తుపడుతుంది. 2025 ఆగస్టు 15న ఉచిత ప్రయాణానికి స్త్రీ శక్తి పథకం మొదలైనప్పటి నుంచి ఏ బస్సులో ఉచితమో, ఏ బస్సులో డబ్బు కట్టాలో తెలియడం ఆడవాళ్లకు ఇంకా అవసరమైంది. నీ బొమ్మ వల్ల ఎవరూ బస్సు తప్పిపోకూడదు.

వినైల్ దగ్గర బేరమాడకు. రెండు రకాలు దొరుకుతాయి. కాస్ట్ వినైల్‌ను దోసె పోసినట్టు పలుచగా పోసి చేస్తారు. క్యాలెండర్డ్ వినైల్‌ను పూరీ వత్తినట్టు రోలర్ల మధ్య వత్తుతారు. వత్తిన పూరీ వెనక్కి ముడుచుకున్నట్టే అది కూడా ఎండకు ముడుచుకుని అంచుల దగ్గర, రివెట్ల దగ్గర లేచిపోతుంది. కాస్ట్ సుమారు 50 మైక్రాన్లు, రెండోది 75 నుంచి 100 మైక్రాన్ల మందం. మందంగా ఉన్నదే గట్టిదని దుకాణంలో చెబుతారు, నమ్మవద్దు. సాల్వెంట్ ఇంకుతో ముద్రిస్తే 24 గంటలు, వీలైతే 48 గంటలు ఆరాకే ల్యామినేషన్ వేయాలి. తొందరపడి వేస్తే లోపల చిక్కుకున్న ఆవిరి జిగురును చెడగొడుతుంది. ల్యామినేషన్ మ్యాట్‌లో తీసుకో. మెరుపుది తుడవడానికి సులువే కానీ మిట్టమధ్యాహ్నం బొమ్మ బదులు సూర్యుడే కనిపిస్తాడు.

అతికించే ముందు తుప్పు చూడు. సముద్రపు గాలి తగిలే ఊళ్ల బస్సులకు అది తప్పదు. తుప్పు మీద వినైల్ వేస్తే లోపల అది పెరుగుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు బొమ్మ పొక్కులు తేలుతుంది. గ్యారేజీవాళ్లతో రేకు సరిచేయించి, కొత్త పెయింటు పూర్తిగా గట్టిపడ్డాకే పని మొదలుపెట్టాలి. బస్సును ముందురోజే కడిగించు. మర్నాడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి. పని నీడలో, షెడ్డు కింద జరగాలి. ముక్కలను బస్సు వెనక నుంచి ముందుకు అంటించుకుంటూ రావాలి. అప్పుడు ముందు ముక్క అంచు వెనక ముక్క మీదికి అరంగుళం ఎక్కుతుంది, గాలి ఆ అతుకును ఎత్తలేదు. కార్లకు స్టిక్కరింగ్ చేసే కుర్రాళ్లలో నేర్పరులు చాలామందే ఉన్నారు. కానీ రివెట్ల మీద చేసిన పని చూపించమని అడిగాకే ఒప్పుకో.

అక్టోబరులో వద్దు. 2018లో తిత్లీ తుపాను పలాస వైపు ఏమి చేసిందో నువ్వే చూశావు. డిసెంబరు దాటాక చేయించి, రథసప్తమికి బస్సును రోడ్డెక్కించు. అరసవల్లికి వచ్చే జనమంతా చూస్తారు.

చిత్రకారులకు ముందు డబ్బు, తర్వాతే దండలు. "పేరొస్తుంది కదా" అని ఊరికే గీయించుకునే అలవాటు మన ప్రాంతంలో బాగా ముదిరింది, నువ్వూ ఆ పని చేశావని వినకూడదు. ఒప్పందం తెలుగులో రాయి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కులు ఇవ్వడం రాతపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. కాబట్టి ఫలానా బస్సు మీద, ఇన్నేళ్లు అని స్పష్టంగా రాయి. అదే బొమ్మను రేపు ఎవరో క్యాలెండరు మీద వేసుకుంటే దానికి వేరే డబ్బు ఇవ్వాలన్నది కూడా అందులో ఉండాలి. పేరు, ఊరు నాలుగంగుళాల అక్షరాల్లో బొమ్మ పక్కనే ఉండాలి. వపా గారి బొమ్మ ఒకటి వేద్దామని రాశావు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారంటే నాకూ ప్రాణమే. కానీ ఆయన 1992లో పోయారు, చట్టం ప్రకారం హక్కులు మరో 60 ఏళ్లు, అంటే 2052 దాకా ఉంటాయి. హక్కుదారుల అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. అయినా ఇది బతికున్న వాళ్లకు పని దొరికే పథకం కదా!

అనుమతి డిపో మేనేజరు గారి సంతకంతో తేలేది కాదు. ఆయన ద్వారా జిల్లా ప్రజా రవాణా అధికారికి, అక్కడి నుంచి పైకి వెళుతుంది. బస్సుల మీద ప్రకటనల హక్కులు టెండర్లలో ఏజెన్సీలకు ఇస్తుంటారు. నీకు చూపించిన బస్సుకు అలాంటి ఒప్పందం ఉందేమో, అది అద్దె బస్సేమో, త్వరలో తుక్కుకు పోయేదేమో అడిగి తెలుసుకో. డబ్బుకు కంపెనీల సామాజిక బాధ్యత నిధులను అడగవచ్చు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో కళలు, సంప్రదాయ హస్తకళల ప్రోత్సాహం ఉంది. అయితే కంపెనీ గుర్తు బొమ్మ కంటే పెద్దది కాకూడదని మొదటి సమావేశంలోనే చెప్పెయ్యి. ఆ తర్వాత చెప్పడం కష్టం.

చివరగా నిర్వహణ. బస్సన్నాక గీసుకుంటుంది, గుద్దుకుంటుంది. ఫైలును ముక్కలవారీగా దాచు, చెడిన ముక్క ఒక్కటే మళ్లీ ముద్రించవచ్చు. కడిగేవాళ్లకు ప్రెషర్ గన్‌ను అంచుల మీద పెట్టవద్దని చెప్పు, వాళ్లకు బొమ్మ చూపించి ఎవరు గీశారో కూడా చెప్పు. ఎండలో పెళుసెక్కిపోయాక వినైల్ గోటితో గీకినా ఊడదు. అందుకే మూడేళ్లకు తీసేస్తామని, తీసే ఖర్చు మాదేనని దరఖాస్తులోనే రాస్తే అధికారులకు నమ్మకం కుదురుతుంది. తీసిన వినైల్‌ను డిపో వెనక కాల్చనివ్వకు, అది పీవీసీ, విషవాయువు వస్తుంది.

కొలతల పటం పూర్తవగానే ఫోనులో పంపు. రెండు పక్కలూ, వెనకా. రివెట్ల వరుసలు మరిచిపోకు. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు
నీ మేనమామ