రిటైరయ్యాక నెలనెలా డివిడెండ్ ఇస్తూ, అసలు కూడా పెంచే మ్యూచువల్ ఫండ్ ఏది?

అలాంటిది ఉందని చెప్పి అమ్మేవాళ్ళకి కొదవ లేదండీ. మీ నాన్నగారు వచ్చే నెల రిటైరవుతున్నారని, ఇరవై లక్షల దాకా పెట్టగలరని రాశారు. సరిగ్గా అంతే మొత్తంతో మా బాబాయి పడిన అవస్థ దగ్గరుండి చూశాను, అందుకే ఇంత పొడుగు జవాబు.

బాబాయి అమలాపురం దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. 2018 సంక్రాంతి వెళ్ళగానే, పెన్షన్ పడే బ్యాంకు నుంచి టై కట్టుకున్న కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. పిన్ని పెట్టిన పొట్టిక్కలు తిని, క్యాలెండర్ కాగితం వెనకాల లెక్క వేసి చూపించాడు. షేర్లు ఎక్కువగా, బాండ్లు కొన్ని కలిపి కొనే బ్యాలెన్స్‌డ్ ఫండ్‌లో 20 లక్షలు పెడితే నెలకు ఒక శాతం డివిడెండ్, అంటే 20 వేలు. పైసా పన్ను లేదు. అసలు అసలుగానే ఉండి పెరుగుతూ పోతుంది. పన్ను లేదన్న మాట ఆ రోజుకి నిజమే. ఆ ఏప్రిల్ నుంచే ప్రభుత్వం ఇలాంటి ఈక్విటీ (షేర్ల) ఫండ్ల డివిడెండ్ మీద 10 శాతం పన్ను వేసింది. 2020 ఏప్రిల్ నుంచి ఆ భారం మన నెత్తికే వచ్చి, డివిడెండ్ మన ఆదాయంలో కలిసిపోయింది.

రెండేళ్ళు డబ్బు ఠంచనుగా పడింది. మధ్యలో కాస్త తగ్గినా ఆయన స్టేట్‌మెంట్ తెరవలేదు. తెరవాలన్నా అది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు మెయిల్‌కి వస్తుంది, పాన్ నంబరు కొడితే గానీ తెరుచుకోదు. డెబ్బై ఏళ్ళ మనిషికి కాగితం మీద ఒక లెక్క పంపడానికి ఈ కంపెనీలకి ఏం నొప్పో నాకు అర్థం కాదు. సరే, 2020 మార్చి వచ్చింది. జనవరిలో 12 వేల పైన ఉన్న షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ 7,600కి పడింది. తర్వాతి నెల డివిడెండ్ సగమే పడింది. బాబాయి ఫోన్ చేసి, "ఒరే, బ్యాంకు వాళ్ళు వడ్డీ కోసేశారేంట్రా?" అన్నారు.

వడ్డీ! రెండేళ్ళుగా దాన్ని వడ్డీ అనుకునే తిన్నారాయన.

లాక్‌డౌన్ సడలాక వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిస్తే, 20 లక్షలు పెట్టిన చోట 14 లక్షల చిల్లర ఉంది. కరోనా దెబ్బ కొంత, మిగతాది నెలనెలా చేతికి వచ్చిందే. "అదీ మీ డబ్బే బాబాయ్" అంటే ఒప్పుకోలేదు. "కాయలు దింపుకుంటే చెట్టు కురచవుతుందా ఎక్కడైనా?" అని కోనసీమ లాజిక్ ఒకటి తీశారు. నేను వాదించకుండా ఎన్‌ఏవీల జాబితా, అంటే ఫండ్‌లో ఒక్కో యూనిట్ ధర ఎప్పుడెంతో ఉన్న కాగితం, చేతికిచ్చాను. 20 రూపాయలున్న యూనిట్ మీద 20 పైసలు డివిడెండ్ ఇస్తే, ఆ దెబ్బకి అది 19 రూపాయల 80 పైసలవుతుంది. మార్కెట్ హెచ్చుతగ్గులు దానికి వేరే. ఎర్ర పెన్ను తీసి ఆయనే కూడికలు, తీసివేతలు వేసుకున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దిన చెయ్యి కదా, తప్పు పోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నారు.

లోపలి నుంచి పిన్ని, "అయితే మనవడి బారసాల మన డబ్బుతోనే చేశామన్నమాట. మంచిదేగా!" అంది.

మొత్తం వ్యవహారంలో తెలివైన మాట అదొక్కటే. మనవాళ్ళలో ఒక పిచ్చి ఉంది: అసలు ముట్టుకోకూడదు. కూతురి పెళ్ళికి అరెకరం అమ్మేటప్పుడు రెండోసారి ఆలోచించని మనిషి, మందుల ఖర్చుకి నాలుగు యూనిట్లు అమ్మమంటే ఇల్లు తగలబడినట్టు చూస్తాడు. అమ్మేవాళ్ళు ఈ భయం మీదే బతుకుతున్నారు. యూనిట్లు అమ్మి తీసుకోండి అంటే మనం పారిపోతాం, అదే డబ్బుకి డివిడెండ్ అని పేరు పెడితే సంతకం పెడతాం. 2021 ఏప్రిల్ నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ డివిడెండ్ ఆప్షన్ పేరు ఐడీసీడబ్ల్యూగా మార్పించింది, అంటే ఆదాయం పంపిణీతో పాటు పెట్టుబడి వాపసు అని. ఫారంలో ఆ అక్షరాలు కనిపిస్తే అదేనని గుర్తుపట్టండి. ఆ కుర్రాడైతే బదిలీ మీద వెళ్ళిపోయాడు. వాడి తర్వాత వచ్చినావిడ లాకర్ కావాలంటే పాలసీ తీసుకోమంది. అది మళ్ళీ వేరే కథ.

ఇక మీ నాన్నగారి సంగతి. అగ్రెసివ్ హైబ్రిడ్ ఫండ్ గానీ, మార్కెట్‌ని బట్టి షేర్ల వాటా మార్చుకునే బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఫండ్ గానీ తీసుకోండి, కానీ డివిడెండ్ పంచకుండా లాభం ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్‌లో. మొదటి రకంలో 65 నుంచి 80 శాతం షేర్లుంటాయి, మిగతాది బాండ్లూ అవీ. ఏడాది దాటాక ఎస్‌డబ్ల్యూపీ, అంటే నెలనెలా కొన్ని యూనిట్లు అమ్మి డబ్బు ఖాతాలో వేసే ఏర్పాటు, పెట్టి నెలకు ఇంత అని తీసుకోండి. ఏడాది లోపు తీస్తే సాధారణంగా ఎగ్జిట్ లోడ్ (తొందరగా తీసినందుకు కోత) పడుతుంది, లాభం మీద 20 శాతం పన్ను కూడా. ఏడాది దాటితే, షేర్ల వాటా 65 శాతానికి తగ్గని ఫండ్ అయితే, ఏటా లక్షా 25 వేల లాభం దాకా పన్నే లేదు. నెలకు 8 వేలు తీస్తే ఏడాదికి మొత్తమే 96 వేలు, అందులో లాభం ఎంతుంటుంది? డివిడెండ్ అయితే ప్రతి రూపాయీ ఆదాయమే, ఏడాదికి 10 వేలు దాటితే టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) కూడా. కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదుగా అంటారేమో. నిజమే, కానీ టీడీఎస్ ఆపడానికి ఏటా ఒక డిక్లరేషన్ ఫారం ఇస్తూ కూర్చోవాలి.

ఎస్‌డబ్ల్యూపీ ఏమీ మంత్రం కాదు. బాబాయి గ్రోత్‌లో పెట్టి నెలకు 20 వేలు తీసినా డబ్బు అలాగే కరిగేది. ఏడాదికి 12 శాతం పీల్చేస్తే ఏ ఫండూ నిలబడదు. నాలుగైదు శాతం మించొద్దు. కచ్చితంగా కావాల్సిన ఇంటి ఖర్చుకి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్ ఉంది, ఈమధ్య కాలమంతా 8.2 శాతం ఇస్తోంది, 30 లక్షల దాకా పెట్టొచ్చు. నన్నడిగితే మీ ఇరవైలో సగానికి పైగా అక్కడే పెట్టమంటాను. ఎస్‌డబ్ల్యూపీ కూడా ఆ మేరకు తగ్గించుకోవాలి. డివిడెండ్ యీల్డ్ ఫండ్ అని ఎవరైనా చెబితే పేరు చూసి మోసపోవద్దు. డివిడెండ్లు బాగా ఇచ్చే కంపెనీల షేర్లు ఆ ఫండ్ కొంటుంది, అంతే. మీ నాన్నగారికి నెలనెలా పంపుతుందని కాదు.

ఫండ్ పేరు మాత్రం చెప్పను, రేపు అది పడితే నన్ను తిడతారు. ఒక్కటి చేయండి. అమ్మగారి పేరు రెండో హోల్డర్‌గా పెట్టించి, ఫారంలో 'ఎనీవన్ ఆర్ సర్వైవర్' దగ్గర టిక్ చేయించండి. ఆ గడి వదిలేస్తే డబ్బు తీసిన ప్రతిసారీ ఇద్దరూ సంతకం పెట్టాలంటారు.