పర్లాకిమిడి మేనకోడలికి, నూర్పిడి మిషను కంప్యూటర్లోకి ఎక్కించే ముందు

బరంపురం
సంక్రాంతి వెళ్ళిన వారం

అమ్మడూ,

మిషను డిజైను సాఫ్ట్‌వేరు కోసం నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. ఫోన్లో చెబుదామంటే నాలుగు మాటలయ్యేసరికి మీ అమ్మ ఫోను లాక్కుని నా షుగరు సంగతి మొదలెడుతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. తీరిగ్గా చదువు. ఒప్పకపోతే దెబ్బలాడు.

ఆ మూడింటిలో ఏదీ ఇప్పుడు కొనకు. సాఫ్ట్‌వేరు వద్దని కాదు. బావ ఆ షెడ్డు పెట్టిన రోజుల్లో సుద్దముక్కతో నేలమీద గీసి కోసేసినా చెల్లింది. ఇప్పుడు లేజర్ కటింగు వాళ్ళు ఫైలు అడుగుతున్నారు, సబ్సిడీ లిస్టులో ఎక్కాలంటే టెస్ట్ రిపోర్టు ఉండాలి. మారక తప్పదు. కానీ కంప్యూటర్లో ఏ మిషను గీస్తావు? నీ దగ్గర ఒక మోడలు ఉందనుకుంటున్నావు. నిజానికి ఉన్నవి ఒకదాన్నొకటి పోలని మిషన్లు.

నమ్మకపోతే యార్డులో వరి నూర్పిడి మిషన్లు మూడు పక్కపక్కన పెట్టి కొలువు. డ్రమ్ము పళ్ళకీ కింది జల్లెడకీ మధ్య సందు, షాఫ్టు ఎత్తు, బ్లోయర్ నోరు, పై జల్లెడ ఊగే దూరం. మూడింట్లో మూడు లెక్కలొస్తాయి. రైతులు 'ఈసారి గింజ పగల్లేదు' అని మెచ్చుకున్నది వాటిలో ఏది? అది తేలేదాకా మౌసు ముట్టుకోవద్దు. సన్నని కొలతలు తీసే మంచి వెర్నియర్ ఒకటి కొను, ఒక నోటుబుక్కు పెట్టు, నెల రోజులు ఇదే పని చెయ్యి. విసుగు పుడుతుంది, నాకు తెలుసు. నేను ఇదే పని మీద ఆర్నెల్లు ఉన్నాను.

రేకు మందం కూడా కొలువు. బిల్లులో 5 మిల్లీమీటర్లని ఉంటుంది, వెర్నియర్ 4.5 చూపిస్తుంది. అర మిల్లీమీటరే కదా అనుకోకు. పలక వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 5 బదులు 4.5 వచ్చిందంటే నాలుగో వంతుకి పైగా బిగువు పోయినట్టే. ఇనుము రకం సంగతీ అంతే. ఇనుముకి మన దేశ ప్రమాణం ఐఎస్ 2062లో ఈ250 గ్రేడుకి యీల్డ్ బలం, అంటే ఇనుము శాశ్వతంగా సాగడం మొదలెట్టే ఒత్తిడి, 250 మెగాపాస్కల్. సాఫ్ట్‌వేరులో ఆ అంకె వేసి లెక్క కడతావు సరే, నువ్వు కొన్న యాంగిల్ పాత ఇనుమునే మళ్ళీ రోల్ చేసిందైతే ఆ అంకె సంగతి దానికి తెలీదు. కొట్టువాణ్ణి టెస్ట్ సర్టిఫికెట్టు అడుగు. మొహం చిట్లిస్తే కొట్టు మార్చు.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. నేను పనిచేసిన కంపెనీలో సిమ్యులేషన్, అంటే మిషను బలాన్ని కంప్యూటర్లోనే పరీక్షించడం, వచ్చిన కొత్తలో, జల్లెడ వేలాడే బ్రాకెట్టుకి నేనే లెక్క కట్టించాను. తెరమీద అంతా నీలం. నీలమంటే భద్రం. ఆ ధైర్యంతో ఇనుము కూడా కాస్త తగ్గించాం. ఆ ఏడు కోతలు మొదలైన పదిహేను రోజులకే బ్రాకెట్లు వెల్డింగు పక్కన చీలిపోయాయి. ఫోన్లు, తిట్లు, రాత్రిళ్ళు వ్యాన్లో వెల్డింగు సెట్టు వేసుకుని ఊళ్ళు తిరగడం. సాఫ్ట్‌వేరు అబద్ధం చెప్పలేదమ్మా. నేను జల్లెడ బరువు వేసి, 'ఇది మోస్తుందా?' అని అడిగాను. మోస్తుందంది. జల్లెడ ఊగుతుందని నేను దానికి చెప్పనే లేదు.

ఈ లెక్క నువ్వే వేసి చూడు. 600 మిల్లీమీటర్ల డ్రమ్ము నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకో. అంచు వేగం సెకనుకి దాదాపు 19 మీటర్లు. పళ్ళు అరిగో ఊడో అంచులో ఒక పక్క 200 గ్రాముల తేడా వచ్చింది, అంటే రెండు బంగాళాదుంపల బరువు. అది షాఫ్టుని బయటికి లాగే బలం 24 కిలోలతో సమానం. 24 కిలోలకి ఏ ఫ్రేమూ విరగదు. కానీ ఆ లాగుడు చుట్టుకోసారి ఇటూ అటూ తిరుగుతుంది. గంటకి 36,000 సార్లు. ముప్పై గంటలు నడిచేసరికి పది లక్షలు దాటిపోతుంది. కోతల్లో ముప్పై గంటలంటే ఎన్ని రోజులు, మూడు? ఇనుము అలసిపోయేది ఈ లెక్కకే. ఆ అలసట ముందు బయటపడేది వెల్డింగు అంచు దగ్గర. కాబట్టి సిమ్యులేషన్ మాటకొస్తే, నీ మొదటి ప్రశ్న 'ఎంత బరువు మోస్తుంది' అని ఉండకూడదు, 'ఎన్ని సార్లు ఊగితే చీలుతుంది' అని ఉండాలి.

నిమిషానికి 600 అంటే సెకనుకి పది. నీ ఫ్రేము సహజంగా ఊగే లెక్క కూడా ఆ పదికి దగ్గరగా ఉంటే మిషను మొత్తం ఒణికిపోతుంది, ఆ లెక్క మారనంతకాలం ఎంత ఇనుము వేసినా ఆగదు. దీన్ని సాఫ్ట్‌వేరు చక్కగా చెబుతుంది. సరిచూసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. ఫోన్లో కంపనాలు కొలిచే యాప్ వేసుకో. ఫోనుని ఫ్రేముకి గట్టిగా కట్టి, రబ్బరు సుత్తితో ఒక దెబ్బ వెయ్యి. కంప్యూటర్ చెప్పిన అంకె, ఫోను చూపిన అంకె దూరంగా ఉన్నాయంటే మోడల్లో ఎక్కడో పొరపాటుంది. చాలాసార్లు ఆ పొరపాటు కాళ్ళ దగ్గరే ఉంటుంది: కంప్యూటర్లో కాళ్ళని కాంక్రీటుకి బిగించేస్తాం, మిషనేమో కళ్ళంలో రెండు టైర్ల మీద, ఒక పక్క ఒరిగి నిలబడి ఉంటుంది.

మెష్, అంటే లెక్క కట్టడానికి కంప్యూటర్ బొమ్మని విడగొట్టే గళ్ళు, వాటి గురించి ఒక్క మాటే. గళ్ళు సగానికి చిన్నవి చేసి మళ్ళీ నడుపు. జవాబు పెద్దగా మారకపోతే నమ్ము. పదునైన లోపలి మూల దగ్గర మాత్రం గళ్ళు చిన్నవయ్యేకొద్దీ ఎరుపు పెరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడకు.

గింజలు డ్రమ్ములో ఎలా కదులుతాయో సినిమాలా చూపించే సాఫ్ట్‌వేరు కూడా నీ కొటేషన్లో ఉంది. ఆశ పడకు. డిస్క్రీట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు దాన్ని. 1979లో కుండాల్, స్ట్రాక్ అనే ఇద్దరు ఇసుకలాంటి గుళికల కోసం రాశారు. గింజకీ గింజకీ రాపిడి ఎంత, రేకుకి తగిలి ఎంత ఎగురుతుంది, ఇవన్నీ నువ్వే కొలిచి ఇవ్వాలి. పొద్దున మంచులో తడిసిన పనకీ, మధ్యాహ్నం ఎండలో ఫెళఫెళలాడే పనకీ ఆ అంకెలు వేరు. పైగా గడ్డి పొడుగ్గా ఉంటుంది, వంగుతుంది, చుట్టుకుంటుంది. రెండు మూడేళ్ళ తర్వాత చూద్దాం. ఇప్పటికి ఒక తేమ మీటరు కొని, కళ్ళంలో రోజుకి మూడు పూటలా తేమ రాసుకో. ఆ కాగితం తర్వాత లక్ష రూపాయల పని చేస్తుంది.

చోళ్ళ (రాగుల) మిషను చెయ్యాలన్న నీ ఆలోచన మాత్రం నాకు నచ్చింది. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలయ్యాక రాయగడ, కోరాపుట్ వైపు చోళ్ళకీ సామలకీ గిరాకీ వచ్చింది. కానీ వరి మిషనుకే జల్లెడ మార్చి చోళ్ళు పొయ్యకు. చోళ్ళ గింజ ఆవగింజంత. వరికి పెట్టిన గాలికి తాలుతో పాటు గింజా పోతుంది. బ్లోయర్ వేగం పది శాతం పెంచితే గాలి పది శాతమే పెరుగుతుంది గానీ, అది తాగే శక్తి 33 శాతం పెరుగుతుంది. తగ్గించినా అదే లెక్క, లాభం మనకి. గాలి నడిచే దారిని కంప్యూటర్లో చూసుకోవడం ఇక్కడ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే అందులో గడ్డి ఉండదు, వట్టి గాలే.

ఇక మనుషుల సంగతి. మేస్త్రి గారు నీ కంప్యూటర్ గదిలోకి రావట్లేదని రాశావు. నువ్వు ఏసీ పెట్టి, చెప్పులు బయట విడవమని బోర్డు పెట్టావట. ఆయన చేతులకి గ్రీజు, ఆయనెందుకొస్తాడు? ఆ బోర్డు తీసెయ్యి. తెరని షెడ్డులోకే తీసుకొచ్చి ఆయన కుర్చీ పక్కన పెట్టు. ఏ రేకు ఎందుకు అలా వంచారో ఆయన నోటితో చెబుతుంటే నువ్వు గియ్యి. ఫైళ్ళకి పేర్లు కూడా ఆయన పేర్లే పెట్టు. ఆయన 'ఏనుగు చెవి' అనే పక్క రేకుకి నువ్వు ఇంగ్లీషులో నాలుగు మాటల పేరు పెడితే, రేపు ఆయన అడిగినప్పుడు నువ్వే వెతుక్కుంటావు. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళో పంతులుగా ఉండి సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారంటే, ముందు సవరల పక్కన కూర్చుని విన్నారు కాబట్టే. ఆయన నడిచిన వీధుల్లో ఉంటూ ఆ మాత్రం వినకపోతే ఎలా?

డ్రాయింగు షెడ్డులోకి దిగేటప్పుడు ఒక పెద్ద గొయ్యి ఉంది, జాగ్రత్త. మన దేశంలో డ్రాయింగులు ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో గీస్తాం, అంటే ఎడమ నుంచి చూసిన బొమ్మ కుడి పక్కన వేస్తాం. అమెరికా పద్ధతి థర్డ్ యాంగిల్, అందులో ఎడమ బొమ్మ ఎడమ పక్కనే ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేయగానే ఆ పద్ధతిలోనే తెరుచుకుంటాయి. మేము ఒకసారి చూసుకోలేదు. ఎడమ పక్కకి రావాల్సిన నలభై బ్రాకెట్లు కుడి పక్కవి అయి కూర్చున్నాయి. డ్రాయింగు మీద సంతకం నాదే. ఇంకో మాట, కొత్త రివిజన్ వచ్చిన రోజునే గోడ మీది పాత రేకు ఫర్మాని దించి ముక్కలు చేయించు. వేలాడుతూ ఉంటే ఎవరో ఒకరు దాన్నే పెట్టి కోస్తారు.

లేజర్ కటింగుకి ఇచ్చే రేకుల్లో నాలుకలు, గాడులు పెట్టు, ఒకదాంట్లో ఒకటి దూరి దానంతటదే కుదురుకునేలా. డిజిటల్ డిజైను వల్ల మీలాంటి చిన్న షెడ్డుకి వచ్చే మొదటి లాభం ఇదే, సిమ్యులేషన్ కంటే ముందు. కొత్త వెల్డరు చేసినా మిషను చదరంగా వస్తుంది. వంపుల లెక్క సాఫ్ట్‌వేరుని నమ్మి వదిలెయ్యకు. మీ ప్రెస్సు మీద ఒక ముక్క తొంభై డిగ్రీలు వంచి, రెండు కాళ్ళూ కొలిచి, వంచకముందు పొడుగుకీ వాటి మొత్తానికీ ఉన్న తేడా దానికి చెప్పు.

నువ్వు కొత్త డ్రాయింగులో పన తోసే తొట్టిని కురచ చేశావు. రేకు కలిసొస్తుందని రాశావు. దాని మీద మాత్రం నేను మెత్తగా మాట్లాడను. పవర్ థ్రెషర్లని, అంటే మన నూర్పిడి మిషన్లని, దృష్టిలో పెట్టుకునే 1983లో డేంజరస్ మెషీన్స్ చట్టం తెచ్చారు. ఐఎస్ 9020 ప్రకారం ఆ తొట్టి పొడుగు 900 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అందులో 450 మేర పైకప్పు మూసి ఉండాలి. మనిషి చెయ్యి డ్రమ్ముని అందుకోకూడదని ఆ కొలత. చెయ్యి పోయిన మనిషిని నేను ఆస్పత్రిలో చూశాను, పక్కన అతని భార్య చంటిబిడ్డతో కూర్చుని ఉంది. ఆ తొట్టి కొలత కంప్యూటర్లో ఎవరూ మార్చకుండా తాళం వేసే ఏర్పాటుంటుంది, అది వెయ్యి. గార్లదిన్నె టెస్టు కేంద్రానికి పంపినా, భువనేశ్వర్‌లో మీ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళకి పంపినా, టెస్టుకెళ్ళిన మిషను, ఊళ్ళో అమ్మే మిషను ఒకటే కావాలి.

షెడ్డు ఆపి అన్నీ ఒకేసారి మార్చేద్దామంటున్నావు. మీ ఊరి రైలు గుర్తుందా? 1900లో వేసిన నౌపడా చిన్న లైను, పెద్ద గేజికి మార్చడానికి 2004లో ఆగితే మళ్ళీ బండి కూయడానికి ఆరేడేళ్ళు పట్టింది. రైల్వే కాబట్టి తట్టుకుంది. నువ్వు ఒక్క కోతల సీజను మానుకుంటే ఆ రైతులు శ్రీకాకుళం వెళ్ళి కొనుక్కుంటారు. ఒక్క మిషను, అందులోనూ ఒక్క జల్లెడ భాగం పట్టుకో. మిగతావి సుద్దముక్కతోనే సాగనీ.

సాఫ్ట్‌వేరుకైతే ముందు ఫ్రీక్యాడ్ చాలు. డబ్బు కట్టక్కర్లేదు, స్ట్రెస్ లెక్కలు కట్టే భాగం కూడా అందులోనే ఉంది. దొంగ కాపీలు మాత్రం వద్దు. గీసేందుకు ఒక కుర్రాణ్ణి భువనేశ్వర్ సెంట్రల్ టూల్ రూంకి ట్రైనింగుకి పంపు. వెల్డింగు తెలిసిన కుర్రాణ్ణే పంపు సుమా, కంప్యూటర్ తెలిసినవాణ్ణి కాదు. కరెంటు సంగతి నీకు చెప్పక్కర్లేదు, యూపీఎస్ ఒకటి, ఫైళ్ళ కాపీ ఇంట్లో ఒకటి.

ఈ కోతల్లో చీలిపోయిన మిషన్లు రిపేరుకి వచ్చి యార్డులో ఉన్నాయన్నావు కదా. వాటికి ఇంకా అతుకు వేయించకు. చీలిక మొదలు ఎక్కడ, చివర ఎక్కడ, సుద్దతో గుర్తు పెట్టి ఫోటోలు తియ్యి. ఏ ఊరిది, ఎన్ని గంటలు నడిచింది, ఏ ట్రాక్టరుకి తగిలించారు, అడిగి రాయి. వచ్చే ఆదివారం గుణుపురం బండిలో వస్తాను. మీ అత్తయ్య ఉసిరి ఆవకాయ కట్టి ఉంచింది, స్టేషనుకి ఎవరినైనా పంపు. ఆ చీలికలు నేను చూసేదాకా అలాగే ఉండనీ.

ఆశీస్సులతో,
మీ పెద్దమామయ్య