గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన శవాన్ని పళ్లతో ఎలా గుర్తిస్తారు?

శరీరంలో అన్నిటికంటే గట్టిది పంటి పైపొర, అంటే ఎనామిల్. పైగా బుగ్గలు, నాలుక కొంతసేపు మంటను అడ్డుకుంటాయి. అందుకే వేలిముద్రలు పోయినా దవడ పళ్లు తరచుగా మిగులుతాయి. వేలిముద్రలు, డీఎన్ఏతో సమానంగా అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ పళ్లనూ ప్రధాన ఆధారంగా తీసుకుంటుంది.

బతికుండగా తీసిన ఎక్స్‌రేను అదే కోణంలో తీసిన కొత్త ఎక్స్‌రే పక్కన పెట్టి ఫిల్లింగుల ఆకారం, రూట్ కెనాల్, వేర్ల వంపు పోలుస్తారు. ఇన్ని పోలికలుండాలన్న లెక్కేమీ లేదు. అసలు కీలకం తేడాలే. పాత ఎక్స్‌రేలో ఉన్న పన్ను ఇప్పుడు లేకపోతే తర్వాత పీకించుకుని ఉండొచ్చు. పాత ఎక్స్‌రే నాటికే పీకేసిన శాశ్వత దంతం ఇప్పుడు కనిపిస్తే మాత్రం ఆ మనిషి కాదు.

పొరపాటు ఘటనాస్థలంలోనే జరగొచ్చు. కాలిన పళ్లు పెళుసుబారి, కదిలిస్తే పొడిపొడి అవుతాయి. కదపకముందే ఫొటోలు తీసి, పళ్లు రాలకుండా పారదర్శక అక్రిలిక్ స్ప్రే కొట్టాలి.

మన దగ్గర పెద్ద లోటు పాత రికార్డులు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు దగ్ధమై 45 మంది చనిపోతే, మృతులను గుర్తించడానికి బంధువుల రక్త నమూనాలతో డీఎన్ఏ పోల్చాల్సి వచ్చింది. అలాంటప్పుడూ పన్నే ఆదుకోవచ్చు: పుచ్చని దవడపన్ను లోపలి గుజ్జులో డీఎన్ఏ మిగిలే అవకాశముంది. మీ పంటి ఎక్స్‌రేలు పారేయకండి.