మానేసిన మాత్ర, విరిగిన మణికట్టు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. నా వయసు 44. రక్తస్రావం ఎక్కువగా ఉందని 39వ ఏట గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. తర్వాత ఒళ్లంతా ఆవిర్లు వస్తుంటే ఒక డాక్టరమ్మ ఈస్ట్రోజెన్ మాత్ర రాశారు. ఆవిర్లు తగ్గాయి. కానీ రొమ్ము క్యాన్సర్ వస్తుందని మా వదిన చెప్పడంతో భయపడి మానేశాను. ఈ మధ్య పశువుల కొట్టంలో కాలు జారి, చేత్తో ఆపుకోబోతే మణికట్టు విరిగింది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నుపూసల టి-స్కోరు మైనస్ 2.6 అన్నారు. మా అమ్మ తుంటి విరిగి మంచాన పడింది. నాకూ అదే గతి పడుతుందా? ఆ మాత్ర మళ్లీ వేసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం చదివి బాధ కలిగిందమ్మా, కోపం కూడా వచ్చింది. గర్భసంచి తీయక తప్పకపోయినా, ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను ఆ వయసులో ఉంచడమే సరైన పద్ధతి. గర్భసంచి ఆపరేషన్లలో మన రాష్ట్రం దేశంలోనే ముందువరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. తిరుపతిలో నా దగ్గరికి వచ్చే నలభై ఏళ్ల ఆడవాళ్లలో మీలాంటివారు ఎందరో. ఆపరేషన్ తర్వాత కుట్ల గురించి జాగ్రత్తలు చెబుతారు, ఎముకల గురించి ఒక్కరూ చెప్పరు.

ఎముకలో పాత భాగాన్ని తొలిచే కణాలు, కొత్తది కట్టే కణాలు నిత్యం పని చేస్తుంటాయి. తొలిచేవాటిని అదుపులో ఉంచేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను. అది పోతే తొలిచినంత వేగంగా కట్టడం జరగదు. మన దేశంలో ముట్లు ఆగే సగటు వయసు 46, 47 ఏళ్లు. అప్పుడు కూడా ఈస్ట్రోజెన్ కొన్నేళ్ల పాటు మెల్లగా తగ్గుతుంది. మీకు మాత్రం ఒక్క రోజులో ఆగిపోయింది, అదీ ఏడెనిమిదేళ్లు ముందుగా. ఎముక గట్టిదనాన్ని చెప్పే ఆ టి-స్కోరు మైనస్ 2.5కు, అంతకన్నా కిందికి పోతే ఎముకలు గుల్లబారినట్లే.

ఇక మీ వదిన గారి భయానికి మూలం అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పరిశోధన. 50 నుంచి 79 ఏళ్ల మధ్య వయసు, గర్భసంచి ఉన్న 16,608 మందిలో కొందరికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిన్ అనే మరో హార్మోను ఇచ్చారు. ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించడంతో పాటు గుండె జబ్బులు, పక్షవాతం కూడా పెరగడంతో 2002లో ఆపేశారు. ఆ వార్త ఊరూరా పాకింది. గర్భసంచి లేని 10,739 మందిపై జరిగిన రెండో భాగం సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ చేరలేదు. అందులో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. తుంటి విరగడం మూడో వంతుకు పైగా తగ్గింది. పక్షవాతం కొంత పెరిగిందని 2004లో దాన్నీ ఆపారు. అయితే ఆ స్త్రీల సగటు వయసు అరవై దాటింది. మీకు 44. మీ శరీరంలో ఇంకా ఉండాల్సిన హార్మోనునే మీకు తిరిగి ఇస్తున్నాం.

అందుకే నా మాట: ఆ డాక్టరమ్మ దగ్గరికే మళ్లీ వెళ్లండి. ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు తప్పకుండా తీసుకెళ్లండి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర బయట పెరిగే జబ్బు) ఉండి ఉంటే మందు మారవచ్చు. రొమ్ము క్యాన్సర్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, కాలేయ జబ్బు మీకు ఎప్పుడూ లేకపోతే, సాధారణంగా 50 ఏళ్ల వరకు వాడమంటాం. చర్మానికి రాసుకునే జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రలకన్నా తక్కువ. ఇప్పటికే ఎముక విరిగింది కాబట్టి ఎముకలకు వేరే మందు కూడా కావాలో లేదో ఆమె చూస్తారు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఈస్ట్రోజెన్ ఆపిన ఏడాది రెండేళ్లకే ఎముక మళ్లీ తరగడం మొదలవుతుంది. ఈసారి మీకై మీరు ఆపవద్దు.

పశువుల కొట్టం అన్నారు. పాలన్నీ డెయిరీకి పోసి ఇంట్లో టీకి మాత్రం ఉంచుకునే ఇళ్లు మన జిల్లాలో నాకు బాగా తెలుసు. రోజూ రెండు గ్లాసులు మీ కోసం ఉంచుకోండి. రాగుల్లో కాల్షియం మెండుగా ఉన్నా, ఫైటేట్ అనే పదార్థం దాన్ని ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి మేలు. విటమిన్ డి పరీక్ష కూడా చేయించండి. ఇంత ఎండ కాసే తిరుపతిలోనే ముట్లు ఆగిన స్త్రీలలో చాలామందికి అది తక్కువగా ఉందని ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు 2005లోనే చూపించారు.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు, శ్రీకాళహస్తి. ఎముకలు గుల్లబారాయన్నారు. మా కోడలు వాడే ఈస్ట్రోజెన్ నేనూ వాడవచ్చా?

జవాబు: వద్దండి. అరవై దాటాక, ముట్లు ఆగి పదేళ్లయ్యాక కొత్తగా మొదలుపెడితే పక్షవాతం, రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. మీకు వారానికి ఒకసారి వేసుకునే ఆలెండ్రొనేట్ లాంటి మాత్రలున్నాయి. కిడ్నీ పరీక్ష చేయించి, పళ్లు పీకించుకునే పని ఉంటే ముందే చెప్పి మొదలుపెట్టండి. ఉదయం కాఫీకి ముందే, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని అరగంట నడుము వాల్చకండి. లేకపోతే ఆహారనాళం పుండు పడుతుంది.